డ్రాగ్ నైఫ్‌కు మిల్లింగ్ ప్రోగ్రాం సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో చిన్న సీఎన్‌సీ రౌటర్ల మీద, అంటే కంప్యూటర్ ఆజ్ఞలతో కట్టర్‌ను నడిపి సరుకును చెక్కే యంత్రాల మీద, వస్తున్న వ్యాసాలను మొదటి నుంచీ చదువుతున్నాను. కట్టర్ల ఎంపిక గురించిన భాగాన్ని కత్తిరించి మా యంత్రం పక్కన అంటించుకున్నాను కూడా. ఈ విషయాలను ఇంత ఓపికగా తెలుగులో రాసేవారు తక్కువ. అందుకే ఈ ఫిర్యాదును కోపంగా కాక బాధ్యతగా రాస్తున్నాను.

తాజా భాగం చివర డ్రాగ్ నైఫ్ ప్రస్తావన, అంటే గిరగిరా తిరిగే కట్టర్‌లా కాక సరుకు మీద లాగుతూ కోసే కత్తి ప్రస్తావన, వచ్చింది. కట్టర్ విప్పి ఆ స్థానంలో కత్తి బిగిస్తే చాలునట. కట్టర్ వ్యాసార్ధం రాసే గడిలో కత్తి ఆఫ్‌సెట్ (ఇరుసు నుంచి మొనకు ఉన్న దూరం) రాస్తే పాత ప్రోగ్రామే నడుస్తుందట. వీటిలో మొదటి సలహా మనిషికి ప్రమాదం, రెండోది సరుకుకు నష్టం. కార్క్, రబ్బరు షీటు, తోలు, గాస్కెట్ కాగితం కోయడానికి ప్రోగ్రాములు రాయడమే నా వృత్తి కాబట్టి చదివి ఊరుకోలేకపోయాను.

ముందు ప్రమాదం సంగతి. మిల్లింగ్ ప్రోగ్రాం, అంటే తిరిగే కట్టర్‌తో చెక్కే ప్రోగ్రాం, ఏది తెరిచినా మొదటి వరుసల్లోనే ఎక్కడో ఒకచోట ఎం3 ఎస్18000 లాంటి ఆజ్ఞ ఉంటుంది. కట్టర్‌ను పట్టి తిప్పే స్పిండిల్‌ను సవ్యదిశలో నిమిషానికి 18,000 చుట్లు తిప్పమని దాని అర్థం. డ్రాగ్ నైఫ్‌లో బ్లేడు ఇరుసుకు ఒక పక్కగా ఉంటుంది. దాన్ని ఆ వేగంతో తిప్పితే బ్లేడు ఊడి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రోగ్రాంలోంచి ఆ ఒక్క వరుస చేత్తో తీసేస్తే సరిపోతుందని కొందరంటారు. డ్రాయింగులో చిన్న మార్పు చేసి ప్రోగ్రాం మళ్లీ తీసిన ప్రతిసారీ అది తిరిగి వచ్చి కూర్చుంటుంది. కోత దారిని యంత్రం ఆజ్ఞలుగా రాసిపెట్టే పోస్ట్ ప్రాసెసర్‌కే ఒక కాపీ తీసి, అందులో స్పిండిల్‌ను తిప్పే ఎం3, ఎం4 అనేవే లేకుండా చేసి, డ్రాగ్ నైఫ్ పేరుతో విడిగా దాచుకోవాలి. కత్తి బిగించే ముందు స్పిండిల్‌కు వెళ్లే కరెంటు కూడా తీసేయాలి. ఈ రెండింటిలో ఒకటి చాలుననే వారితో నాకు వాదన లేదు, కానీ వారి యంత్రం పక్కన నేను నిలబడను.

ఇక రెండో సలహా. అది ఎందుకు తప్పో చెప్పాలంటే ఈ కత్తి ఎలా కోస్తుందో కొంచెం చూడాలి. దానికి మోటారు లేదు. బేరింగు మీద స్వేచ్ఛగా తిరిగే పిడిలో బ్లేడు ఉంటుంది. బ్లేడు మొన సరిగ్గా ఇరుసు కింద ఉండదు, కొంత దూరం వెనక్కి ఉంటుంది. ఆ దూరమే ఆఫ్‌సెట్. యంత్రం ఇరుసును లాగుతుంది. సరుకులో దిగిన మొన పక్కలకు జరగలేదు, తన పదును చూపే దిక్కుకు మాత్రమే జరగగలదు. కాబట్టి ఇరుసు ఎటు పోతే అటు తిరుగుతూ, లాగుడు పడుతూ వెనక వస్తుంది.

17వ శతాబ్దంలో క్లోడ్ పెరో అనే ఆయన జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టి, దాని గొలుసు కొసను బల్ల అంచు వెంబడి లాగుతూ, గడియారం గీసే గీత ఏమిటని గణితవేత్తలను అడిగాడట. లైబ్నిజ్, హైగెన్స్ ఆ గీత వెంట పడ్డారు. దానికి ట్రాక్ట్రిక్స్ అని పేరు స్థిరపడింది. గొలుసు కొసను మన ఇరుసుగా, గడియారాన్ని మొనగా, గొలుసు పొడవును ఆఫ్‌సెట్‌గా అనుకుంటే డ్రాగ్ నైఫ్ గణితం అంతా అందులోనే ఉంది. ప్రోగ్రాంలో ఏ దిద్దుబాటూ లేకుండా మూల తిప్పితే మన కత్తి సరుకు మీద గీసేది కచ్చితంగా ఆ గీతనే.

అంటే ప్రోగ్రాం నడిపేది ఇరుసును, మనకు కావలసింది మొన. మొన ఎక్కడ ఉండాలో తెలిస్తే ఇరుసు అక్కడి నుంచి, కోత సాగుతున్న దిక్కులో, ఒక ఆఫ్‌సెట్ దూరం ముందు ఉండాలి. మీ వ్యాసం పొరబడింది ఇక్కడే. మిల్లింగ్ కట్టర్‌కు ఇచ్చే వ్యాసార్ధ దిద్దుబాటు, అంటే జీ41, జీ42 ఆజ్ఞలు చేసే పని, దారిని పక్కకు జరపడం. ఎడమకో కుడికో, గీతకు లంబంగా. కత్తికి కావలసిన జరుపుడు గీత వెంబడి, ముందుకు. ఈ రెండు దిక్కుల మధ్య తొంభై డిగ్రీల తేడా ఉంది. ఒకదాని గడిలో రెండోదాని అంకె వేస్తే యంత్రం అడగదు, నవ్వదు, చెప్పినట్టు కోసేస్తుంది.

లెక్క చేసి చూపిస్తాను. ఆఫ్‌సెట్ 5 మి.మీ. ఉన్న కత్తితో 12 మి.మీ. వ్యాసార్ధం గల వృత్తం కోయాలి. మొన వృత్తం మీద ఉంటుంది, ఇరుసు అక్కడి స్పర్శరేఖ మీద 5 మి.మీ. ముందు ఉంటుంది. కేంద్రం, మొన, ఇరుసు కలిపితే లంబకోణ త్రిభుజం. 12 వర్గం 144, 5 వర్గం 25, మొత్తం 169, దాని వర్గమూలం 13. ఇరుసు 13 మి.మీ. వ్యాసార్ధంతో తిరిగితే మొన 12 దగ్గర కోస్తుంది. ఏ దిద్దుబాటూ లేకుండా ఇరుసునే 12 మీద తిప్పితే మొన లోపలికి జారి దాదాపు 10.9 దగ్గర స్థిరపడుతుంది. 24 మి.మీ. వెడల్పు రావలసిన బిళ్ల 21.8 వస్తుంది. ఇక వ్యాసం చెప్పినట్టు వెలుపలి కోతగా 5 మి.మీ. పక్కకు జరిపితే ఇరుసు 17 మీద తిరుగుతుంది, మొన 16.2 దగ్గర కోస్తుంది. బిళ్ల 32 మి.మీ. దాటిపోతుంది. అసలు దిద్దుబాటు చేయకపోవడం కంటే తప్పు దిద్దుబాటు నాలుగు రెట్లు ఎక్కువ పాడు చేసిందన్నమాట.

వ్యాసకర్త ఇలా ఎందుకు అనుకున్నారో ఊహించగలను. స్టిక్కర్లు కోసే వినైల్ కట్టర్‌లోనూ ఇదే రకం కత్తి ఉంటుంది. అక్కడ తెర మీద ఆఫ్‌సెట్ 0.25 మి.మీ. అని ఒక్క అంకె వేస్తే పని అయిపోతుంది. వాటిలో చాలా యంత్రాలకు వెళ్లే హెచ్‌పీజీఎల్ భాష నిజానికి పెన్నుతో బొమ్మలు గీసే ప్లాటర్ల కోసం పుట్టినది. ఒక మిల్లీమీటరుకు 40 యూనిట్ల చొప్పున పెన్ను ఎక్కడ దించాలో, ఎక్కడ ఎత్తాలో చెబుతుంది, అంతే. మూల దగ్గర కత్తిని తిప్పే తెలివి కట్టర్ లోపలే నాటి ఉంచిన సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఫర్మ్‌వేర్‌లో ఉంది. రౌటర్‌ను నడిపే కంట్రోలర్‌లో ఆ తెలివి మామూలుగా ఉండదు. యంత్రానికి ఆజ్ఞలు రాసే జీ-కోడ్ భాషలో మనం రాసిన చోటికి ఇరుసును తీసుకెళ్లడమే దానికి తెలుసు. పైగా 0.25 మి.మీ. ఆఫ్‌సెట్‌తో పైన చెప్పిన వృత్తం దిద్దుబాటు లేకుండా కోసినా వచ్చే తేడా మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లోనే. తప్పు ఉన్నా కంటికి కనిపించదు. మందమైన సరుకు కోసే పెద్ద కత్తుల్లో ఆఫ్‌సెట్ కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది, అక్కడ తప్పు దాగదు.

అసలు కష్టం మూలల దగ్గర. అందుకని ఒక చిన్న ప్రోగ్రాం మాటల్లో చెబుతాను, ఓపిక ఉన్న పాఠకులు కాగితం మీద గీసుకోవచ్చు. పొడవు 100, వెడల్పు 60 మి.మీ. ఉన్న దీర్ఘచతురస్రం, ఎడమ కింది మూల సున్నా దగ్గర, ఆఫ్‌సెట్ 5. అడుగు గీత వెంబడి కుడికి పోతున్నాం. మొన 100 దగ్గరి మూలకు చేరాలంటే ఇరుసు 105 దాకా పోవాలి. ఇప్పుడు మొన మూలలో ఉంది కానీ కుడివైపే చూస్తోంది. దాన్ని పైకి చూసేలా తిప్పాలి. మూలను కేంద్రంగా చేసుకుని, 5 మి.మీ. వ్యాసార్ధంతో ఇరుసును పావు చుట్టు తిప్పాలి. జీ-కోడ్‌లో ఇది జీ3 ఎక్స్100 వై5 ఐ-5 జే0. జీ3 అంటే అపసవ్యదిశలో చాపం; ఎక్స్, వై అది ముగిసే చోటు; ఐ, జే మొదలైన చోటు నుంచి కేంద్రానికి ఉన్న దూరం. ఇరుసు దాదాపు 7.85 మి.మీ. నడిచింది, మొన మాత్రం ఉన్నచోటనే తిరిగింది. తరువాత నేరుగా పైకి, ఎక్స్100 వై65 దాకా. అక్కడ జీ3 ఎక్స్95 వై60 ఐ0 జే-5. ఎడమకు ఎక్స్-5 వై60 దాకా పోయి జీ3 ఎక్స్0 వై55 ఐ5 జే0. కిందికి ఎక్స్0 వై-5, ఆపైన జీ3 ఎక్స్5 వై0 ఐ0 జే5. చుట్టు పూర్తయింది.

ఈ దారిని తెర మీద చూస్తే నాలుగు మూలల్లో నాలుగు వికారమైన చెవులు కనిపిస్తాయి. చూసినవారు ప్రోగ్రాం పాడైందనుకుంటారు. సరుకు మీద మాత్రం మూలలు పదునుగా వస్తాయి. ఇరుసు దారి చూసి కోతను అంచనా వేసే అలవాటు మిల్లింగ్ చేసేవారికి సహజం. దాన్ని ఇక్కడ వదులుకోవాలి.

మూల దగ్గర మరో చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. గీత చివర నుంచి తిప్పుడు చాపంలోకి మారేటప్పుడు ఇరుసు దారి ఎప్పుడూ సరిగ్గా లంబంగా విరుగుతుంది. మూల తొంభై డిగ్రీలైనా, ముప్పై డిగ్రీలైనా అంతే. ఎందుకంటే చాపం వ్యాసార్ధం వచ్చిన గీత వెంబడే ఉంటుంది, చాపం నడక దానికి లంబంగా మొదలవుతుంది. చాపం ముగిసి కొత్త గీత మొదలయ్యే చోట మళ్లీ అదే విరుపు. ఇలాంటి విరుపులను వేగం తగ్గకుండా గుండ్రంగా కలిపేసే అలవాటు కొన్ని కంట్రోలర్లకు ఉంది. లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో, కదలికలను కలిపే జీ64 ఆజ్ఞకు దారి ఎంతవరకు తప్పవచ్చో చెప్పే పీ అంకె ఇవ్వకుండా వదిలేస్తే వేగాన్ని కాపాడటానికి దారినే కుదించేస్తుంది. అప్పుడు ఇరుసు 105 దాకా పోదు, మొన మూలకు చేరదు, మూల నలిగిపోతుంది. ఆఫ్‌సెట్ తప్పేమోనని మనం కొలుస్తూ కూర్చుంటాం. కత్తి ప్రోగ్రాం మొదట, రాసిన దారినే కచ్చితంగా నడవమనే జీ61 రాయడం నా అలవాటు. యంత్రం కొంచెం తడబడుతూ నడిచినట్టు ఉంటుంది, నడవనివ్వండి. జీఆర్‌బీఎల్ అనే మరో కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే యంత్రాల్లో ఈ బెడద లేదు. అక్కడి జంక్షన్ డీవియేషన్ అనే అంకె మూల దగ్గరి వేగాన్ని తేలుస్తుంది కానీ దారిని మార్చదు.

సరుకు మందంగా ఉన్నప్పుడు మొనను పూర్తి లోతులో ఉంచి తిప్పితే మూలలో చిన్న గుంట చిరుగుతుంది. పల్చని వినైల్‌కు ఇది లెక్కలోకి రాదు. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు లోపే. మూడు మిల్లీమీటర్ల రబ్బరులో బాగా కనిపిస్తుంది. అందుకని తిప్పే ముందు కత్తిని పైకి ఎత్తాలి. పూర్తిగా కాదు. మొన సరుకు పై పొరలో కొంచెం గుచ్చుకుని ఉండాలి, లేకపోతే తిప్పడానికి పట్టు దొరకదు, ఇరుసుతో పాటు బ్లేడు కూడా పక్కకు జారుతుంది. ఈ తిప్పుడు లోతు సరుకును బట్టి మారుతుంది. తోలుకు పనికొచ్చిన అంకె కార్క్‌కు పనికిరాదు. కార్క్ గింజల మధ్య మొన పట్టు తప్పుతుంది, ఇంకొంచెం లోతు కావాలి.

అయితే ప్రతి విరుపు దగ్గరా కత్తిని ఎత్తాల్సిన పని లేదు. డ్రాయింగు సాఫ్ట్‌వేర్లు వంపులను వందలాది చిన్న గీతల ముక్కలుగా విడగొట్టి పంపుతుంటాయి. ఒక్కో ముక్కకు రెండు మూడు డిగ్రీల మలుపు. అన్నింటికీ ఎత్తి తిప్పి దించితే యంత్రం కుట్టు మిషను అవుతుంది, అంచు రంపంలా వస్తుంది. ఒక కోణం హద్దుగా పెట్టుకోవాలి. నేను 15 డిగ్రీలతో మొదలుపెడతాను. అంతకు తక్కువ మలుపును సరుకులోనే తిప్పేస్తాను, ఎక్కువైతే ఎత్తుతాను. హద్దు లోపలి చిన్న మలుపుల దగ్గర చాపం బదులు నేరు గీత వేసినా నష్టం లేదు. ఆఫ్‌సెట్ 5, మలుపు 10 డిగ్రీలు అయితే చాపానికీ గీతకూ తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఆ చిన్న ముక్కలను తిరిగి అసలు చాపాలుగా కలిపి రాయగలిగితే ఇంకా మేలు.

నేరు గీత నున్నగా వంపులో కలిసే చోట కూడా ఒక వింత కనిపిస్తుంది. 12 మి.మీ. గుండ్రని మూలలున్న దీర్ఘచతురస్రంలో గీత, చాపం ఎక్కడా విరగకుండా కలుస్తాయి. ఇరుసు దారి మాత్రం అక్కడ 22.6 డిగ్రీలు విరుగుతుంది. 5 బై 12 టాంజెంట్‌గా ఉన్న కోణం అది. లెక్క సరైనదే. దాన్ని చూసి సర్ది నున్నగా చేయాలని చేయి దురద పెడుతుంది, చేయకూడదు.

మొదలుపెట్టే చోటు గురించి వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. కట్టర్ ఎక్కడ దించినా గుండ్రమే, దానికి ముఖం లేదు. కత్తికి ముఖం ఉంది. అది ఎటు చూస్తోందో యంత్రానికి తెలియదు. తప్పు దిక్కు చూస్తున్న కత్తిని దించి లాగితే కొంత దూరం నడిచాక గానీ దారికి రాదు. ఎంత దూరమో పెరో గడియారం లెక్కే చెబుతుంది. కత్తి తొంభై డిగ్రీలు తేడాగా ఉందనుకుంటే ఇరుసు ఒక ఆఫ్‌సెట్ దూరం నడిచేసరికి తేడా 40 డిగ్రీలకు తగ్గుతుంది. మూడు ఆఫ్‌సెట్లకు 6 డిగ్రీల లోపు. ఐదు ఆఫ్‌సెట్లకు ఒక డిగ్రీ లోపు. అంటే 5 మి.మీ. కత్తికి 25 మి.మీ. వృథా గీత కావాలి. అది పనికొచ్చే ముక్క మీద పడకూడదు కాబట్టి ప్రోగ్రాం మొదట్లోనే, షీటు అంచున పారేసే భాగంలో, ఎక్స్ దిక్కుగా ఆ గీత గీయించి కత్తి ముఖం కుదుర్చుకుంటాను.

కత్తి సరిగ్గా వెనక్కి చూస్తుంటే మాత్రం ఎంత దూరం లాగినా లాభం లేదు. పదును లేని వైపుతో సరుకును దున్నుతూ పోతుంది, లేదా మొన విరుగుతుంది. ప్రారంభించే ముందు చేత్తో తిప్పి, మొనను ఇరుసుకు ఎడమవైపు పెట్టడానికి క్షణం పట్టదు. స్పిండిల్ కరెంటు తీసి ఉంటుంది కాబట్టి చెయ్యి పెట్టవచ్చు.

ఆ తరువాత కత్తి ముఖాన్ని ప్రోగ్రామే గుర్తుంచుకోవాలి. ఒక ఆకారం కోసి ఎత్తినప్పుడు బ్లేడు చివరి గీత దిక్కునే చూస్తూ ఉంటుంది. తరువాతి ఆకారం వేరే దిక్కులో మొదలైతే, అక్కడ తిప్పుడు లోతుకు దించి, పాత దిక్కు నుంచి కొత్త దిక్కుకు చాపం తిప్పి, అప్పుడు పూర్తి లోతుకు దిగాలి. పని ముగిశాక మళ్లీ ఎక్స్ దిక్కుకు తిప్పి ఆపితే మరుసటి ప్రోగ్రాంకు లెక్క తప్పదు. బేరింగు మరీ తేలికగా తిరిగేదైతే గాలిలో వేగంగా కదిలేటప్పుడు ముఖం మారిపోవచ్చు. అలాంటి కత్తులతో ప్రతి ఆకారానికీ పారేసే భాగం నుంచి నడిచివచ్చే ప్రవేశ గీత పెట్టడం తప్ప మార్గం లేదు.

బ్లేడు వాలు కూడా ప్రోగ్రామర్ బాధ్యతే. కోసే అంచు మొన నుంచి ముందుకు, పైకి వాలి ఉంటుంది. అంటే సరుకు పైముఖం మీద కోత మొన కంటే ముందే పోతుంది. సరుకుతో 60 డిగ్రీల కోణం చేసే బ్లేడుతో 3 మి.మీ. మందం కోస్తే, మొన మూలకు చేరేసరికి పైముఖం మీద కోత మూల దాటి 1.7 మి.మీ. పోయి ఉంటుంది. 45 డిగ్రీల బ్లేడైతే పూర్తిగా 3 మి.మీ. పోయి ఉంటుంది. ఆ కోత పారేసే భాగంలోకి పోతే ఫరవాలేదు, లోపలి మూలల్లో మాత్రం పనికొచ్చే ముక్క మీద చీలికలా కనిపిస్తుంది. అందుకే తోలు కోసేటప్పుడు డ్రాయింగును అద్దంలో చూసినట్టు తిప్పి, నునుపు ముఖాన్ని కిందికి పెడతాను. చీలిక వెనకవైపుకు పోతుంది. ఈ పని సాఫ్ట్‌వేర్ దానంతట అది చేయదు. చేయమని చెప్పేవారు ఉండాలి.

ఇదే కారణంగా చిన్న రంధ్రాలు ఈ కత్తితో కోయడం నాకు ఇష్టం లేదు. లెక్క ప్రకారం 3 మి.మీ. వ్యాసార్ధపు రంధ్రం కోయవచ్చు, ఇరుసు 5.8 మీద తిరుగుతుంది. కానీ బ్లేడుకూ వెడల్పు ఉంది కదా. అంత బిగుతు వంపులో దాని వెనక భాగం అంచును నలుపుతుంది. గాస్కెట్ బోల్టు రంధ్రాలకు పంచ్ ఉంది. కత్తితో మధ్య బిందువు మీద ఒక గుచ్చు గుర్తు పెట్టించి మిగతాది పంచ్‌తో కొడితే శుభ్రంగా వస్తుంది. అన్నీ ఒకే పరికరంతో చేయాలనే పట్టుదల కొత్తలో చాలామందికి ఉంటుంది.

క్రమం గురించి రెండే మాటలు. లోపలి కోతలు ముందు, వెలుపలి అంచు చివర. మిల్లింగ్‌లోనూ ఇదే సూత్రం, ఇక్కడ మరీ ముఖ్యం. కత్తి పొట్టు తీయదు, సరుకును లాగుతుంది. అంచు ముందే తెగిపోతే ముక్క జరుగుతుంది. ఇక చుట్టు ముగిసే చోట ఒక మిల్లీమీటరు ముందుకు కోయించాలి, లేకపోతే ఒక్క పోగు తెగక వేలాడుతుంది.

ఆఫ్‌సెట్‌ను పెట్టె మీద రాసినట్టు నమ్మకుండా కొలవడం మంచిది. కాగితం మీద మొనను తేలికగా ఆనించి, యంత్రాన్ని కదల్చకుండా పిడిని చేత్తో ఒక చుట్టు తిప్పితే చిన్న వృత్తం పడుతుంది. దాని వ్యాసంలో సగం ఆఫ్‌సెట్. కొత్త బ్లేడు వేసినప్పుడల్లా ఇది మళ్లీ చేస్తాను. ఎందుకంటే బ్లేడు గాడిలో కూర్చునే తీరు కొంచెం మారినా అంకె మారుతుంది. ఆ తరువాత ఒక చతురస్రం కోసి చూస్తే మిగతాది అదే చెబుతుంది. మూలలు గుండ్రంగా వస్తే ఆఫ్‌సెట్ తక్కువ వేశాం, మూలల్లో కొమ్ముల్లా కోత బయటికి పొడుచుకొస్తే ఎక్కువ వేశాం. మూడు మూలలు బాగుండి మొదలుపెట్టిన మూల ఒక్కటే పాడైతే ఆఫ్‌సెట్‌ను ముట్టుకోవద్దు, కత్తి ప్రవేశించిన దిక్కు చూసుకోవాలి.

వచ్చే భాగంలో టాంజెన్షియల్ కత్తి గురించి రాస్తామని పేజీ అడుగున ప్రకటించారు. ఒక విన్నపం. అందులో బ్లేడును తిప్పడానికి వేరే మోటారు ఉంటుంది, ప్రోగ్రాంలో ఎక్స్, వైలతో పాటు కోణం కూడా రాస్తాం. ఆఫ్‌సెట్ లెక్కలు ఉండవు, ప్రవేశ గీత అక్కర్లేదు. మూలలో ఎత్తి తిప్పి దించడం మాత్రం అక్కడా తప్పదు. ఈ రెండింటినీ కలిపి ఒకే పేరాలో చెబితే చదివేవారు దేనికి ఏ నియమమో తెలియక ఇబ్బంది పడతారు. విడివిడిగా రాయించండి. అంతకంటే ముందు, ఎం3 గురించిన సవరణను ఆ భాగం దాకా ఆపకుండా రేపో ఎల్లుండో వేయండి. మీ పాత వ్యాసాన్ని కత్తిరించి యంత్రం పక్కన అంటించుకున్నవారు నాలాగే మరికొందరు ఉండవచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సీఎన్‌సీ ప్రోగ్రామర్